ఆవకాయ సీసా సరే, మందుల సంచి ఏదీ?



మా జగ్గయ్యపేట, నందిగామ వైపు ఈ రోజుల్లో ఏ పేరంటానికి వెళ్లినా అమెరికా ప్రయాణం మాట రాకుండా ఉండదు. అమ్మాయి పురుడికనో, మనుమణ్ణి చూసుకోవడానికనో అరవై దాటిన తల్లులు విమానమెక్కుతున్నారు. బయల్దేరే ముందు నెల రోజులూ ఇంట్లో ఒకటే హడావుడి. ఆవకాయ, గోంగూర, కందిపొడి అన్నీ తూచి, సీసాల మూతలు బిగించి కడతాం. మందులు మాత్రం చివరి రోజున ఏ చీర మడతలోనో దూర్చేస్తాం.

నందిగామలో మా పిన్నిగారు సరిగ్గా ఇదే చేశారు. ఇన్సులిన్ అంతా పెద్ద పెట్టెలో పెట్టారు. ఆవిడ దిగిన రెండు రోజులకు గాని ఆ పెట్టె చేరలేదు. ఇంట్లో కూతురు బాలింత. అల్లుడు పసిబిడ్డను చూసుకోవాలా, అత్తగారి మందు కోసం తిరగాలా? సాయం చేద్దామని వెళ్లి భారమయ్యానే అని ఆవిడ ఇప్పటికీ నొచ్చుకుంటారు.

అందుకని మందులు చేతిసంచిలోనే ఉండాలి. సామాన్ల అరలో చలికి ఇన్సులిన్ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. అమెరికాలో 100 యూనిట్లవి. అక్కడి మందును మన సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి 50 యూనిట్లు పోతాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది. ఏ మందుకు ఆ సిరంజే వాడాలి.

మందుల పేర్లూ మారతాయి. మన పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. కంపెనీ పేరు కాక, అసలు మందు పేరు, మోతాదు డాక్టరుగారిచేత ఇంగ్లీషులో రాయించుకోండి. మాత్రలు విడదీసి డబ్బాల్లో పోయకుండా అట్టలతోనే ఉంచండి. సాధారణంగా 90 రోజులకు సరిపడా వెంట తీసుకెళ్లవచ్చు. అంతకన్నా ఎక్కువ రోజులుంటే ఏం చేయాలో ముందే పిల్లలతో మాట్లాడుకోండి.

న్యూయార్కుకూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటల తేడా. మందు వేసుకునే వేళలు ఎలా మార్చుకోవాలో డాక్టరుగారే చెప్పాలి. విమానంలో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదముంది. అప్పుడప్పుడు లేచి నాలుగడుగులు వేయండి, మడమలు ఆడించండి. బాత్‌రూముకు లేవాలని మొహమాటపడి మంచినీళ్లు మానేయకండి.

చివరగా ఒక మాట. డాక్టరుకు చూపిస్తే ప్రయాణం వద్దంటారేమోనని కొందరు ఆయాసం, గుండెనొప్పి దాచేస్తారు. అక్కడ వైద్యం ఖర్చు మామూలుది కాదు. పాత జబ్బులకు బీమా చాలాసార్లు వర్తించదు. కనక పాలసీ కొనేముందే ఆ సంగతి అడిగి తెలుసుకోండి. నెల ముందే పరీక్ష చేయించుకుంటే చాలా జబ్బులు అదుపులోకి వస్తాయి, ప్రయాణమూ సాగుతుంది.

పిల్లలకు మన పచ్చళ్లు ఇష్టమే. అమ్మ ఆరోగ్యంగా దిగడం అంతకన్నా ఇష్టం. ఉంటాను, సెలవు.