రివాల్వరు సిలిండరు మార్పు



బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్న నాకు ఆయుధములతో నేమి పని యని మీరడుగవచ్చును. ఇంటిలోని పిల్లల క్షేమమును, గృహస్థుని గౌరవమును దీనితో ముడివడి యున్నవి గనుక మాటలాడుచున్నాను. నల్లమల యంచున నున్న మా యఱ్ఱగొండపాలెము వంటి యూళ్లలో తుపాకి మాట కొత్తది గాదు. లైసెన్సు పొంది రివాల్వరు నుంచుకొనువారికి మీ వంటి పెద్దలే సలహా చెప్పవలసినవారు.

తూటాలుంచు గుండ్రని యుక్కుముక్కయే సిలిండరు. శామ్యూల్ కోల్టు 1836లో అమెరికాలో పేటెంటు పొందినది ఇట్టి తిరుగు సిలిండరుకే. అందు ఐదో ఆఱో గదులుండును. సిలిండరు తిరిగిన ప్రతిసారియు ఒక గది గొట్టమునకు సూటిగా నిలువవలయును. ఐదు గదులు కుదిరి ఆఱవది కొంచెము తప్పినను గుండు గొట్టపుటంచును రాచుకొనును. సీసపు తునుకలు ప్రక్కకు చిమ్మును. మఱింత తప్పినచో ఆయుధమే పగిలి చేతికిని కంటికిని ముప్పు తెచ్చును.

ఒక బండి యిరుసునకు కుదిరిన చక్రము వేఱొక యిరుసునకు కుదురదని మన వడ్రంగి యెఱుగును. రివాల్వరునందు ఈ నియమము మఱింత సూక్ష్మము. సిలిండరునకు గొట్టమునకు నడుమ సందు, అంగుళమును వేయి పాళ్లు చేసిన అందు కొలది పాళ్లు మాత్రమే. తూటా వెనుక సందు ఎక్కువైన తూటా పేలకపోవచ్చును, దాని గుల్ల చీలిపోవచ్చును. తక్కువైన సిలిండరు తిరుగక పట్టుకొనును. "38" అని పేరున్నంతమాత్రమున తూటాలన్నియు ఒక్కటి గావు. కావుననే నేర్పరి ప్రతి గదిని వేఱువేఱుగ పరీక్షించును; అవసరమైనచో సానబట్టి సరిచేయును. ఆయుధమును పరీక్షించి ముద్ర వేయు శాల ఇంగ్లండులోని బర్మింగుహాములో 1813లోనే వెలసినదనిన, ఈ పరీక్ష యెంత ముఖ్యమో గ్రహింపుడు.

మఱి యజమాని చేయవలసిన దేమి? గొట్టము ఎవరి వైపును త్రిప్పరాదు, మీటపై వ్రేలుంచరాదు. తూటాలన్నియు తీసి, ప్రతి గదిని కన్నులార చూచి, తూటాలను వేఱుచోట భద్రపఱుపవలయును. ఖాళీ యని తెలిసినను నిండినదానివలెనే భావింపవలయును. పిమ్మట లైసెన్సు కాగితముతో, బాగుచేయుటకు అనుమతి గల పనివానికే యొప్పగింపవలయును.

ఇంకొక మాట. ఆయుధము నుంచుకొను లైసెన్సు వేఱు, బాగుచేయు లైసెన్సు వేఱు. 1959 నాటి ఆయుధముల చట్టము 5వ సెక్షను, లైసెన్సు లేక తుపాకి మరమ్మతు చేయుటను నిషేధించుచున్నది. ఊరి కమ్మరి ఎంత నేర్పరియైనను ఈ పనికి అతనిని బలవంతపెట్టుట అతనిని చిక్కులలో దింపుటయే.

నాలుగు రూపాయలు మిగులునని ఆశపడి ఇంటిలో బిగించిన సిలిండరు మొదటి దెబ్బకు పనిచేసినను, ఆఱవ దెబ్బకు చేయునని నమ్మిక లేదు. ఈ మాట మీ గ్రామమున నలుగురికి చెప్పుదురని కోరుచున్నాను.