దూరాన ఉన్న యంత్రానికి నాడి చూడటం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మా పనిని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు కోరారు. సభలో కంప్యూటర్ చదువులు చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు గనుక వారిని ఉద్దేశించే మాట్లాడతాము.

మేము చూసుకొనేది పెద్ద కంప్యూటర్లను కాదు. పాలు చల్లబరిచే కేంద్రాలలో గోడకు బిగించిన చిన్న పెట్టెలను. పని జరిగే చోటనే ఉండి లెక్క చూసే ఇలాంటి యంత్రాలను ఎడ్జ్ డివైస్ అంటారు. రైతులు పోసిన పాలను 4 డిగ్రీల వరకు చల్లబరచి ఉంచాలి. ఆ డిగ్రీలను ఎప్పటికప్పుడు రాసుకొని, సిమ్ కార్డు ద్వారా మాకు పంపడం పెట్టె పని. పెట్టె పల్లెలో ఉంటుంది, మేము పట్నంలో ఉంటాము.

ఒక వేసవిలో ఒక కేంద్రం నుంచి అర్ధరాత్రి లెక్కలు ఆగిపోయాయి. పెట్టె పలుకుతూనే ఉంది, లెక్కలు పంపే ప్రోగ్రామే నిలిచిపోయింది. తెల్లవారి మేము తొందరపడి, ఇక్కడి నుంచే పెట్టెను ఆపి మళ్లీ నడిపించాము. లెక్కలు వచ్చాయి. పని అయిపోయిందనుకున్నాము.

కాని రాత్రి లెక్క లేదని ఆ పాలు తీసుకోలేదు. కాపలా కుర్రవాడు స్విచ్చి ఆపేసి నిద్రపోయాడని నింద వేసి, పనిలోంచి నిలిపేశారు. "నేను ముట్టుకోలేదు సార్, మీరైనా చెప్పండి" అని ఫోనులో ప్రాధేయపడ్డాడు. ఏమని చెప్పగలము? ఏం జరిగిందో పెట్టె తనకు తాను రాసుకొనే చిట్టా ఒకటుంటుంది, దాన్నే లాగ్ అంటారు. మా పెట్టెల్లో అది తాత్కాలిక మెమరీలోనే ఉండేది. ఆపి నడపగానే తుడిచిపెట్టుకుపోయింది. అతడి సాక్షిని మా చేతులతో మేమే పోగొట్టాము.

పదిహేను రోజులకు మళ్లీ అదే జబ్బు. ఈసారి దేన్నీ కదపలేదు, ముందు చిట్టాను కాపీ చేసుకొని చదివాము. కరెంటు పోయి జనరేటర్ అందుకొనే లోపల పెట్టె ఆగి మళ్లీ లేచింది. ఆ పెట్టెలో గడియారానికి బ్యాటరీ లేదు, లేవగానే నెలల కిందటి తేదీ చూపింది. మా సర్వర్ ధ్రువపత్రం ఆ తేదీ తరువాత జారీ అయింది గనుక, ఇది ఇంకా చెల్లదని ప్రోగ్రామ్ వెనుదిరిగింది. లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపే సిస్టమ్‌డీ, మనం మార్చకపోతే, 10 సెకన్లలో 5 సార్లు ప్రయత్నించి ఊరుకుంటుంది. ఇక్కడా అదే జరిగింది. తరువాత గడియారం సరిపడినా లేపేవారు లేరు.

మొదటి రాత్రి కూడా కరెంటు పోయిన వేళకే లెక్కలు ఆగాయని సబ్‌స్టేషన్ పుస్తకంలో తేలింది. కుర్రవాడి మీద నింద తొలగింది. కాని పోయిన పదిహేను రోజుల కూలి ఎవరిస్తారు? ఆ మాట నేటికీ మమ్మల్ని బాధిస్తూనే ఉంది.

అప్పటి నుంచి ఒక వరుస పెట్టుకొన్నాము. చుట్టుపక్కల పెట్టెలు పలుకుతున్నాయా చూడాలి. అన్నీ మూగబోతే నెట్‌వర్క్ సంగతి, ఒక్కటే మూగబోతే దాని సంగతి. తరువాత చిట్టా కాపీ, ఆ తరువాత గడియారం, మెమరీ కార్డులో ఖాళీ. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. గడియారం సరిపడే వరకు ప్రోగ్రామ్ ఆగేటట్లు, చిట్టా కార్డులో నిలిచేటట్లు చేశాము. చిట్టాకు హద్దు కూడా పెట్టాము, లేకుంటే అదే కార్డును నింపేస్తుంది.

తిరిగి వచ్చే దారి మూసుకోకూడదన్నది మరో నియమం. నెట్‌వర్క్ అమరిక మార్చేటప్పుడు, పది నిమిషాల్లో మేము సరే అనకపోతే పాత అమరికే వచ్చేటట్లు ముందే ఏర్పాటు చేస్తాము.

ఈ నియమం విలువ తెలియాలంటే అంగారక గ్రహం మీది స్పిరిట్ సంగతి చూడండి. నాసా వారి ఆ బండి 2004 జనవరిలో దిగింది. 21వ తేదీన మాట తడబడింది. దాని ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు పేరుకుపోయి, లేచిన ప్రతిసారీ వాటిని సర్దుకోలేక మళ్లీ పడిపోయేది. రాత్రిళ్లు నిద్రపోక బ్యాటరీ ఖర్చయ్యేది. ఫ్లాష్‌ను ముట్టకుండా లేవమని ఆజ్ఞ ఇచ్చే దారి ఒకటి ఉంది గనుక ఇంజనీర్లు దాన్ని నిలబెట్టి, ఫైళ్లు తీసేసి, ఫిబ్రవరిలో మళ్లీ పనిలోకి దింపగలిగారు. 90 రోజులకని పంపిన ఆ బండి 2010 మార్చి వరకు మాట్లాడింది.

పిల్లలారా, మీలో కొందరు రేపు ఇదే పనికి వస్తారు. ఆపి నడపడం ఒక్క మీట నొక్కితే అవుతుంది, మనకు చెమట కూడా పట్టదు. కాని యంత్రం పక్కన ఒక మనిషి ఉంటాడు. తప్పు ఎవరిదని అడిగినప్పుడు ముందు వేలు చూపేది అతడి వైపే. అతడి తరఫున చెప్పగల సాక్ష్యం మీ చేతిలో ఉందని మరవకండి. ముందు చిట్టా చదవండి, తరువాతనే చెయ్యి వేయండి.