గెలిచిన నాయకుడు – ఎదుటి పక్షం: పీవీ గారి అనుభవం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ అనేది యజమాని దయతో వేసే భిక్ష కాదని, అది ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నన్ను వేరే విషయం మీద మాట్లాడమన్నారు. కారణం మీ అందరికీ తెలిసిందే గనుక దాచడం దేనికి?

రెండు నెలల క్రితం మన సంఘానికి ఎన్నికలు జరిగాయి. రెండు ప్యానెళ్లు పోటీ చేశాయి. భవన నిధి లెక్కల మీద అనకూడని మాటలు కూడా అనుకున్నాం. ముప్పై ఏళ్లు ఒకే బల్ల దగ్గర పనిచేసినవాళ్లం ఎదురుపడితే ముఖాలు తిప్పుకునే దాకా వచ్చింది. కార్యదర్శి పదవికి నిలబడి నేను ఓడిపోయాను. మూడో రోజు ఉదయం నూతన అధ్యక్షులవారు మా ఇంటికి వచ్చారు. కాఫీ తాగి, "మీరు లెక్కలు తెలిసిన మనిషి. భవన నిధి లెక్కలు తేల్చే కమిటీకి మీరే పెద్దగా ఉండండి" అన్నారు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. "దినోత్సవ సభలో అందరి ముందూ చెబుతాను" అన్నాను.

ఆ జవాబు వెతుక్కుంటూ పీవీ నరసింహారావు గారి పాలనను మరోసారి నెమరు వేసుకున్నాను. ఆయనను పొగడడానికో, తెగడడానికో కాదు. చేతిలో సరిపడినంత బలం లేకుండా గద్దెనెక్కిన మనిషి ఎదుటి పక్షంతో ఎలా నడుచుకున్నాడో చూడడానికి.

1991 నాటి పరిస్థితి మీకు గుర్తుండే ఉంటుంది. మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. ఆ ఎన్నికలలో పీవీ గారు పోటీ కూడా చేయలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు చేరాలనుకుంటున్న మనిషి జూన్ 21న ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. లోక్‌సభలో కాంగ్రెసుకు మెజారిటీకి సుమారు 30 స్థానాలు తక్కువ. ఖజానాలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేదు. రిజర్వు బ్యాంకు బంగారాన్ని విదేశానికి పంపి తాకట్టు పెట్టవలసి వచ్చింది. అప్పుడు మా ఆఫీసులో మధ్యాహ్నం టీ దగ్గర ఒకటే మాట – ఈ ప్రభుత్వం ఆరు నెలలు నిలవదని. ఆ మాట అన్నవారిలో నేనూ ఒకణ్ణి.

జులైలో విశ్వాస తీర్మానం వచ్చింది. జాతీయ ఫ్రంటు, వామపక్షాలు ఓటింగుకు దూరంగా ఉండడంతో ప్రభుత్వం గట్టెక్కింది. ఆ పక్షాలు పీవీ గారి విధానాలను మెచ్చి ఆ పని చేయలేదు. దేశం మరో ఎన్నికను భరించే స్థితిలో లేదని వారికీ తెలుసు. సభ నడవాలంటే ఎదుటివారి సహకారం ఉండి తీరాలని పీవీ గారికీ తెలుసు. లోక్‌సభ ఉపసభాపతి స్థానం భారతీయ జనతా పార్టీకి చెందిన మల్లికార్జునయ్య గారికి దక్కింది. 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలు 17 ఏర్పడ్డాయి. బడ్జెట్ పద్దులను అన్ని పార్టీలవారూ ఒక గదిలో కూర్చుని పరిశీలించే ఏర్పాటు అది.

మన రాష్ట్రంలో జరిగింది మరీ చెప్పుకోదగినది. ప్రధాని అయిన ఆరు నెలల్లోగా ఆయన పార్లమెంటు సభ్యుడు కావాలి. 1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక వచ్చింది. కాంగ్రెసును ఓడించడానికే 1982లో పార్టీ పెట్టిన ఎన్.టి.రామారావు గారు, తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడు గనుక పోటీ పెట్టబోమన్నారు. పీవీ గారు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. రామారావు గారు ఆ తర్వాత కాంగ్రెసును విమర్శించడం మానలేదు. గౌరవం గౌరవమే, పోరాటం పోరాటమే.

ఇక 1994 నాటి జెనీవా సంగతి. కాశ్మీరు విషయంలో మన దేశాన్ని తప్పుపడుతూ పాకిస్తాను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్‌లో తీర్మానం తెచ్చింది. ఆ సమయంలో భారత ప్రతినిధి వర్గానికి నాయకుడుగా పీవీ గారు ఎంచుకున్నది లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడైన అటల్ బిహారీ వాజపేయి గారిని. విదేశాంగ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్, కాశ్మీరు మాజీ ముఖ్యమంత్రి ఫరూక్ అబ్దుల్లా ఆయన వెంట వెళ్లారు. ప్రభుత్వంలోని మంత్రి ప్రతిపక్ష నాయకుని వెనుక నడిచాడన్నమాట! చివరకు మార్చిలో పాకిస్తాను ఓటింగు లేకుండానే తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది.

ఇక్కడ ఒక తేదీ గమనించండి. 1993 జులై 28న పీవీ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చినప్పుడు వాజపేయి గారి పార్టీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. ఏడెనిమిది నెలలు తిరగకుండానే అదే మనిషికి దేశం తరఫున మాట్లాడే బాధ్యత ఇచ్చారు. "ముందు మా వైపు రండి, తర్వాత పని ఇస్తాం" అనలేదు. వాజపేయి గారు తన పార్టీలోనే ఉన్నారు. 1996లో పీవీ గారిని ఓడించిన ఎన్నికల తర్వాత ప్రధాని పీఠమెక్కింది కూడా ఆయనే. ఆ ప్రభుత్వం 13 రోజులే నిలిచిందనుకోండి.

నాకు కనిపించిన అసలు సూత్రం ఇదే. ఎదుటి పక్షంలోని మితవాదిని అతని చోట ఉండనిచ్చి, అతని నోరు కట్టేయకుండా, అతనికి చేతనైన పని అప్పగించడమే చెయ్యి చాపడం. అతణ్ణి అక్కడి నుంచి లాక్కోవడం చెయ్యి చాపడం కాదు, చేపకు గాలం వేయడం.

ఈ తేడాను కూడా పీవీ గారి కాలమే మనకు చూపించింది. నంద్యాలలో అంత పెద్దమనసు చూపిన తెలుగుదేశం నుంచే ఆ తర్వాత కొందరు లోక్‌సభ సభ్యులు చీలి ప్రభుత్వం వైపు వచ్చారు. 1993 అవిశ్వాస తీర్మానం 265 – 251 ఓట్ల తేడాతో వీగిపోయింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బు ముట్టిందన్న ఆరోపణ మీద కేసు నడిచింది. 2000లో ప్రత్యేక న్యాయస్థానం పీవీ గారిని దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని తేల్చింది. నిర్దోషి అని కోర్టు చెప్పాక మనం వేరుగా అనడానికి లేదు. అయినా ఆ మచ్చ ఆయన పేరును వదలకుండా ఎన్నేళ్లు వెంటాడిందో మనం చూశాం. జెనీవా తెచ్చిన గౌరవం ఈ బేరసారాల మాటల కింద కొంత మరుగున పడింది.

ఇంకొక పాఠం మరీ చేదైనది. అయోధ్యలో కట్టడానికి హాని జరగనివ్వమని ఆనాటి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కేంద్రం ఆ హామీని నమ్మింది. 1992 డిసెంబరు 6న ఏం జరిగిందో, దేశం ఎంత నెత్తురు చిందించిందో మీకు చెప్పనక్కరలేదు. ఎదుటివారిని నమ్మడం మంచిదే. కాని కాపలా కాయవలసినవాడు కాపలా మాని నమ్మకం మీద నిద్రపోతే అది సామరస్యం అనిపించుకోదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేమిటి?

అయితే మరో విషయం. అంత పెద్ద గాయం తగిలిన అదే డిసెంబరులో పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా కల్పించే 73, 74వ సవరణలను పార్లమెంటు ఆమోదించింది. దానికి మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ప్రతిపక్షం కలిసిరాకుండా అది జరిగే పని కాదు. ఈనాడు ఊళ్లలో ఆడవాళ్లు సర్పంచులుగా కూర్చుంటున్నారంటే ఆ ఓట్ల ఫలితమే. మనుషులు ఒకరినొకరు నమ్మని రోజుల్లో కూడా, చేయవలసిన పని కాగితం మీద స్పష్టంగా ఉంటే కలిసి చేయవచ్చునని దీనివల్ల తెలుస్తోంది.

వాజపేయి గారికి 2015లో, పీవీ గారికి మరణానంతరం 2024లో భారతరత్న అందింది. ఒకరినొకరు ఓడించుకున్న ఇద్దరికీ దేశం ఒకే పతకం ఇచ్చింది.

ఇక నా జవాబు. అధ్యక్షులవారూ, మీరు మా గుమ్మం ఎక్కిన రోజున మా ఆవిడ ఒక మాట అంది: "గెలిచిన మనిషి వచ్చాడు, ఓడిన మీరు వెళ్లారా?" నిజమే, నేను వెళ్లలేదు. ఆ తప్పు ఈ సభాముఖంగా ఒప్పుకుంటున్నాను.

భవన నిధి కమిటీ బాధ్యత తీసుకుంటాను. మూడు మాటలు మాత్రం మనవి చేస్తున్నాను. ఒకటి, నేను మా ప్యానెల్‌లోనే ఉంటాను. నన్ను చూపించి మావాళ్లను చీల్చే ప్రయత్నం ఎవరూ చేయవద్దు. రెండు, నోటిమాట మీద ఏదీ నడవకూడదు. రశీదులు, పాసుపుస్తకాలు, తీర్మానాల పుస్తకం రెండు పక్షాల మనుషుల ఎదుట తెరవాలి. మూడు, లెక్క ఎటు తేలినా, అది మా ఆరోపణ తప్పని తేల్చినా సరే, వచ్చే జనరల్ బాడీలో చదివి వినిపిస్తాను. తప్పని తేలితే క్షమాపణ చెప్పేది కూడా నేనే.

మా ప్యానెల్ మిత్రులు కొందరికి ఇది నచ్చకపోవచ్చు. వారికి ఒక్కటే మనవి. మన వయసువాళ్లకు ఏటా సభ్యుల జాబితాలో కొన్ని పేర్లు తగ్గిపోతుంటాయి. ఆ భవనంలో కూర్చునేది ఏ ప్యానెల్ అన్నది కాదు, కూర్చోవడానికి మనం మిగిలి ఉండగా అది పూర్తవుతుందా అన్నది ప్రశ్న.