‘నా గుణమే అంత’ అనకుందాం



మన సంఘం అనగానే అందరికీ గుర్తొచ్చేవి రంజాన్ కిట్లు, పిల్లల ఫీజులు, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్లు. కానీ ఏడాది పొడవునా మా గడప తొక్కే సమస్య ఇంకొకటి ఉంది. అది ఇంటి తగాదా. తిరుపతి నుంచే కాదు, చిత్తూరు, పీలేరు వైపు నుంచి కూడా వస్తారు. ఇరువైపుల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తే చాలాసార్లు బయటపడేది ఆస్తి గొడవ కాదు. ఒకరి కోపం, ఒకరి అనుమానం, ఒకరి ఎత్తిపొడుపు మాటలు. ఎందుకిలా అని అడిగితే ఒకటే జవాబు: “ఏం చేయమంటారు భాయ్, నా గుణమే అంత.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన సామెత. అది ఎంతవరకు నిజమో ఈ రోజు ఆలోచిద్దాం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇమామ్ గజాలీ (1058–1111) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో దీన్ని వివరంగా చర్చించారు. గుణం మారనిదే అయితే హితబోధలన్నీ వ్యర్థమేనని, జంతువులే శిక్షణతో మచ్చికవుతున్నప్పుడు మనిషి మారడనడం తగదని ఆయన వాదన. ఖర్జూరపు గింజను ఉదాహరణగా చూపారు. దాన్ని పెంచితే ఖర్జూరపు చెట్టవుతుంది, ఎంత పెంచినా ఆపిల్ చెట్టు కాదు. మన మామిడి రైతు మాటలో చెప్పాలంటే, ఎంత ఎరువు వేసినా తోతాపురి చెట్టుకు బేనీషా కాయదు. కానీ బాగా చూసుకున్న తోతాపురికీ, గాలికి వదిలేసిన తోతాపురికీ కాపులో ఎంత తేడా! కోపాన్ని వేళ్లతో పెరికేయమని గజాలీ చెప్పలేదు, అదుపులో పెట్టమన్నారు. అన్యాయాన్ని చూసి రావలసిన కోపం అన్నం చల్లారిందని రాకూడదు.

ఆధునిక పరిశోధనలూ ఇంచుమించు ఇక్కడికే వచ్చాయి. ముప్పై ఏళ్లకే మనిషి స్వభావం గట్టిపడిపోతుందని 1890లో విలియం జేమ్స్ రాశారు. 2017లో బ్రెంట్ రాబర్ట్స్ బృందం 207 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. కౌన్సెలింగ్ వంటి చికిత్సలు సగటున 24 వారాలు సాగినప్పుడు స్వభావంలో చెప్పుకోదగ్గ మార్పు వచ్చిందని, ముఖ్యంగా మనసు నిలకడ పెరిగిందని తేల్చింది. 2019లో నాథన్ హడ్సన్ బృందం 15 వారాలపాటు విద్యార్థులను గమనించింది. వారం వారం చిన్న చిన్న పనులు పెట్టుకుని పూర్తి చేసినవారు మారారు. మారాలని కోరుకుని ఊరుకున్నవారు మారలేదు.

మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఇంకో హెచ్చరిక చేసేవారు. ‘మెల్లమెల్లగా మారతాను’ అనడం ఈ రోజు మారకుండా ఉండటానికి సాకు కావచ్చునని, కోపం వచ్చిన క్షణంలోనే దాన్ని గమనించాలని ఆయన చెప్పేవారు. ఆయన దారి వేరు కావచ్చు, ఈ మాట మాత్రం మనకు అవసరమే.

ఆ క్షణంలో ఏం చేయాలో మనకు తెలియనిది కాదు. నిలబడి ఉంటే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని ప్రవక్త (స) బోధించారు. మా వద్దకు వచ్చిన ఒక సోదరుడు ఈ ఒక్కదాన్నే పట్టుకున్నాడు. గొంతు పెరుగుతోందని తెలియగానే కూర్చునేవాడు, లేదా వుజూ చేసుకోవడానికి లేచి వెళ్లేవాడు. ఆరు నెలల తర్వాత మేము అతణ్ణి అడగలేదు, భార్యను అడిగాం. “కేకలు పూర్తిగా పోలేదు చాచా, తగ్గాయి. ఇప్పుడు బండి చప్పుడు వినగానే పిల్లలు లోపలికి పరుగెత్తడం లేదు” అంది ఆ తల్లి. మారామని మనకు మనమే సర్టిఫికెట్ ఇచ్చుకోలేం. ఇవ్వవలసింది మన వల్ల బాధపడినవాళ్లు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎన్నోసార్లు మేము ఆడపిల్లలకే “సర్దుకుపో తల్లీ, మారతాడులే” అని చెప్పి పంపాం. మారవలసిన భారాన్ని ఓర్చుకునేవారి మీద వేశాం. అది న్యాయం కాదు. చేయి చేసుకోవడాన్ని గుణం అనరు, నేరం అంటారు. 2005 గృహహింస చట్టం ఉంది, మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది. మారేదాకా దెబ్బలు తినమని ఏ ఆడబిడ్డకూ ఇకమీదట మేము చెప్పం.

మారాలని ఉండీ చేతకానివారు సిగ్గుపడనక్కర్లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఉచితంగా మాట్లాడతారు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఇదీను.

మన లోపాలు తెలుసుకోవడానికి గజాలీ నాలుగు దారులు చెప్పారు: గురువు, నిజం చెప్పే స్నేహితుడు, శత్రువు నోటి మాట, ఇతరుల తప్పుల్లో మనల్ని మనం చూసుకోవడం. మేము ఇంకొకటి కలుపుతున్నాం: మన ఇల్లు. ఈ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లోవాళ్లను ఒక్క ప్రశ్న అడుగుదాం: “నాలో మీకు కష్టం కలిగించేది ఏది?” వాళ్లు చెప్పేటప్పుడు అడ్డు చెప్పకుండా విందాం. అదే మొదటి రోజు పని.

వినే ఓపికను, మారే బలాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.