సత్తెనపల్లి కారం, హైదరాబాద్ గోడౌన్: జీఎస్టీ మీది, ఫోన్ నంబర్ ఎవరిది?

ఈరోజు టాపిక్ మన సత్తెనపల్లి నుంచే వచ్చింది. ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మేం మిరపకాయలు కొని కారం పట్టించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ఆర్డర్లన్నీ హైదరాబాద్ నుంచే. అక్కడ గోడౌన్‌లో సరుకు పెడదామంటే తెలంగాణ జీఎస్టీ కావాలంట. ఒకాయన అడ్రస్ తనే ఇస్తానన్నాడు, ఓటీపీలు, సంతకాలు కూడా తనే చూసుకుంటాడంట. ఒప్పుకోమంటావా?"

ఆగు తమ్ముడూ. ముందు అసలు నీకది అవసరమా కాదా చూద్దాం.

సత్తెనపల్లిలో ప్యాక్ చేసి, ఇక్కడి నుంచే హైదరాబాద్ కస్టమర్‌కి కొరియర్ వేస్తున్నావనుకో. తెలంగాణ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నీ ఆంధ్రా నంబర్ మీదే ఐజీఎస్టీ వేసి బిల్లు ఇస్తావు, అంతే. సరుకు అక్కడ నిల్వ పెట్టి, అక్కడి నుంచి అమ్మితేనే అక్కడ రిజిస్ట్రేషన్. కొనేవాడు ఎక్కడున్నాడని కాదు, సరుకు ఎక్కడి నుంచి బయల్దేరిందన్నదే ఇక్కడ లెక్క. చాలామంది ఇది తెలియకుండానే ఫీజులు కట్టేస్తారు.

మన పెద్దవాళ్ళకి ఇదంతా విచిత్రంగా ఉంటది. 2014 జూన్ 2కి ముందు హైదరాబాద్ పక్క రాష్ట్రం కాదుగా! ఇప్పుడు జీఎస్టీ నంబర్‌లో మొదటి రెండు అంకెలు చూడండి: ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది అక్షరాలు మీ పాన్. పాన్ ఒకటే, మనిషి ఒకడే, కానీ చట్టం దృష్టిలో 37 నంబరోడు వేరు, 36 నంబరోడు వేరు. అందుకే నీ సరుకు నీ గోడౌన్‌కే పంపినా బిల్లు రాయాలి. లక్ష రూపాయల కారం పంపితే 5 శాతం చొప్పున 5,000 ఐజీఎస్టీ. ఆ 5,000 ఎక్కడికీ పోదు, తెలంగాణ ఖాతాలో క్రెడిట్‌గా ఉంటది. కానీ దాన్ని తెచ్చి ఆంధ్రాలో కట్టాల్సిన పన్నుకి వాడుకోలేవు. చిన్న పెట్టుబడితో నడిచేవాళ్ళకి ఇదే ఇబ్బంది. రిటర్నులు కూడా రెండు చోట్లా విడివిడిగా వేయాలి. అమ్మకం సున్నా అయినా వేయాలి, లేటైతే రోజుకి 20 రూపాయలు. అన్నట్టు, ఫుడ్ లైసెన్స్ కూడా ఒక్కో చోటుకి విడిగా తీసుకోవాలి, మర్చిపోకండి.

సరే, గోడౌన్ కావాల్సిందే అనుకుందాం. అడ్రస్‌కి రెంటల్ అగ్రిమెంట్, కరెంటు బిల్లు, ఓనర్ ఒప్పుకున్నట్టు లెటర్ అడుగుతారు. అధికారి వచ్చి చూసే అవకాశం కూడా ఉంది. గేటు దగ్గర బోర్డు మీద జీఎస్టీ నంబర్ ఉండాలి, లోపల సర్టిఫికెట్ కనపడాలి. నెలకింత అని డబ్బు తీసుకుని, బోర్డే పెట్టని అడ్రస్ ఇస్తే, తనిఖీ రోజు దొరికేది ఆయన కాదు, నువ్వే.

ఇప్పుడు అసలు సంగతి. అమెరికాలో మనోళ్ళు డెలావేర్‌లో కంపెనీ పెట్టి టెక్సాస్‌లో వ్యాపారం చేస్తే, టెక్సాస్ దాన్ని 'ఫారిన్' కంపెనీ అంటుంది. అదే దేశం, అయినా ఫారినే! అక్కడ మళ్ళీ రిజిస్టర్ చేసుకుని 750 డాలర్లు కట్టి, టెక్సాస్‌లోనే ఒక రిజిస్టర్డ్ ఏజెంట్‌ని పెట్టుకోవాలి. ఆయన పనేంటంటే కోర్టు కాగితాలు, ప్రభుత్వ లెటర్లు వస్తే తీసుకుని ఓనర్‌కి అందించడం. ఆ హోదాలో మీ తరఫున సంతకం పెట్టడు, మీ పాస్‌వర్డ్ ఆయన దగ్గర ఉండదు. మన దేశంలోనూ విదేశీ కంపెనీ ఆఫీసు పెడితే, నోటీసులు తీసుకోడానికి ఇక్కడ నివాసముండే ఒక మనిషి పేరు 30 రోజుల్లోపు ఇవ్వాలి. 2013 కంపెనీల చట్టం, సెక్షన్ 380.

మన తమ్ముడికి ఎదురైన ఆయన అలాంటి ఏజెంట్ కాదు. ఆయన అడుగుతోంది లెటర్ అందించే పని కాదు, ఇంటి తాళంచెవి. జీఎస్టీలో లోకల్ ఏజెంట్ తప్పనిసరి అనే రూలే లేదు. నీ వ్యాపారానికి నువ్వే సంతకందారుడివి కావచ్చు. ఫారంలో ఆయన మొబైల్, ఆయన ఈమెయిల్ పెట్టావనుకో, నోటీసులన్నీ ఆయనకే పోతాయి. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌కి పంపినా, పోర్టల్‌లో పెట్టినా, చట్టం లెక్కలో అది నీకు అందినట్టే. "నాకు తెలీదు సార్" అంటే కుదరదు. ఆరు నెలలు రిటర్నులు వేయకపోతే నంబర్ రద్దు చేయొచ్చు. రద్దు ఆర్డర్ అందిన 90 రోజుల్లో మళ్ళీ ఇమ్మని అప్లై చేసుకోవాలి. ఆ 90 రోజులూ ఆయన ఫోన్‌లోనే గడిచిపోతే? గోడౌన్‌లో సరుకు ఉంటది, బిల్లు వేయడానికి నంబర్ ఉండదు.

కాబట్టి తమ్ముడూ, అడ్రస్ ఆయనది తీసుకో, అగ్రిమెంట్ పక్కాగా రాయించుకో. రిటర్నులు వేసినందుకు ఫీజు ఇవ్వు, తప్పులేదు. మొబైల్, ఈమెయిల్, పాస్‌వర్డ్ మాత్రం నీవే ఉండాలి. ఓటీపీ అడిగినప్పుడల్లా దేనికో అడిగి చెప్పు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇప్పటికే వేరేవాళ్ళ నంబర్ ఇచ్చేసినవాళ్ళు ఈ వారమే లాగిన్ అయి మార్చుకోండి. లాగిన్ కూడా వాళ్ళ చేతిలోనే ఉంటే, ఆ నంబర్ ఏ జీఎస్టీ ఆఫీసు పరిధిలో ఉందో ఆ అధికారిని ఆధారాలతో కలవండి. మొబైల్, ఈమెయిల్ వాళ్ళే మార్పిస్తారు.

వచ్చే ఎపిసోడ్‌లో ఈ-వే బిల్లు. 50,000 దాటిన సరుకు బండి ఎక్కించే ముందు ఏం చేయాలో చూద్దాం. ఉంటానండి.