క్రిస్మస్ తాత - మన పిల్లలు

(అచ్చంపేటలో సండేస్కూలు ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగము)



క్రిస్మస్ తాతను గూర్చి మాట్లాడుదుమనగా మీలో కొందరు నవ్విరి. పాస్టరుగారికి వేరే అంశము దొరకలేదా అనుకొని యుందురు. అయితే డిసెంబరు వచ్చెనంటే మన పిల్లలు గొల్లల కంటెను, జ్ఞానుల కంటెను ఆ తాత కొరకే ఎక్కువగా ఎదురుచూతురని మీకు తెలియనిది కాదు.

పౌలు ఖైదీగా ఇటలీకి పోవుచు ఓడ మారిన మూర పట్టణము మీకు జ్ఞాపకమున్నదా? నాలుగవ శతాబ్దములో అక్కడ బిషప్పుగా నుండిన నికొలాసు ఈ తాతకు మూలపురుషుడు. ఆయనను గూర్చి ఒక పాత కథ యున్నది. ముగ్గురు ఆడపిల్లల తండ్రి యొకడు చితికిపోయెను. కట్నమియ్యలేక పిల్లలను పాడు బ్రతుకునకు అమ్ముకొను స్థితికి వచ్చెను. (కట్నమనగా ఏమిటో మన ఊళ్లలో ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు.) నికొలాసు రాత్రివేళ కిటికీలో నుండి బంగారు మూట విసిరి వెళ్లిపోయెను. ఆలాగు మూడు మారులు. మూడవసారి తండ్రి పరుగెత్తి పట్టుకొనగా, ఈ సంగతి ఎవరితోను చెప్పవద్దని ఆయన మాట తీసికొనెను.

తరువాత పుస్తకములు బయలుదేరినవి. 1821లో న్యూయార్కులో అచ్చయిన ఒక చిన్న పిల్లల పుస్తకములో తాత జింక లాగు బండిమీద వచ్చి, మంచి పిల్లలకు కానుకలిచ్చి, అల్లరి పిల్లల కొరకు బెత్తము విడిచిపోవును. 1823 డిసెంబరులో ఒక పత్రికలో వచ్చిన పద్యములో ఎనిమిది జింకలు, పొగగొట్టము చేరినవి. 1863 మొదలు థామస్ నాస్ట్ గీసిన బొమ్మలలో ఆయన బొద్దుగా తయారాయెను. జింకలతో మాకు తగవు లేదు. నల్లమల అంచున నున్న మన పిల్లలకు అవి కొత్త కాదు. మాకు తగవు ఆ బెత్తముతోనే.

2014 క్రిస్మస్‌నాడు మా సంఘములో, తలిదండ్రులు తమ బిడ్డల పేర్లు వ్రాసి తెచ్చిన పొట్లములను తాత చేత పంచిపెట్టించితిమి. ఒకనికి క్రికెట్ బ్యాటు, మరియొకతెకు మాట్లాడు బొమ్మ. తల్లిదండ్రులు పనికి వలసపోయిన పిల్లలకు మాత్రము సంఘమిచ్చిన బిస్కెట్ పుడ. మరునాడు ఒక ముసలమ్మ వచ్చి, "అయ్యగారూ, నా మనుమరాలు రాత్రంత పండలే. 'తాత నా పేరు పిలువలే, నేనేం తప్పు జేసిన అవ్వా?' అని ఒకటే అడుగుతున్నది" అని చెప్పెను.

తాత మంచి పిల్లలకే కానుకలు తెచ్చునని అంతకు ముందు ఆదివారమే మేము నేర్పియుంటిమి. ఆ పిల్ల కట్టిన లెక్క సరియైనదే. మేము నేర్పినదే తప్పు.

కమిటీలో ఈ మాట ఎత్తగా, "మా బిడ్డకు మేమిచ్చుకొంటే తప్పేమి?" అని ఒక పెద్దమనిషి అడిగెను. తప్పు లేదు, ఇంటిలో ఇచ్చుకొనవచ్చును. మరుసటి యేటి నుండి గుడిలో అందరికిని ఒకటే: ఒక నోటుబుక్కు, రంగు పెన్సిళ్లు, ఒక లడ్డు. దానికయ్యే డబ్బు పేరు లేని కవర్లలో వేయుమంటిమి. పేరు చదువరని తెలిసి మొదటి యేడు కొందరు కవరే వేయలేదు! లడ్డు చిన్నదాయెను.

మన ప్రాంతములో పత్తికి కొదువ లేదు గనుక తాతకు గడ్డము ఎంత పెద్దదైనను పెట్టుడి. పిల్లలకు ఆ కిటికీ కథ చెప్పుడి. "మంచి పిల్లలకే" అను మాట మాత్రము పాఠములో నుండి కొట్టివేయుడి. కవర్లు బయట బల్లమీద నున్నవి, పోవునప్పుడు తీసికొనిపోవుడి.