కణకవచాన్ని తెంచే కత్తెర

  1976లో వరంగల్‌లో వెలసిన ఈ కాకతీయ విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం, ఫార్మసీ చదివి పట్టాలు అందుకుంటున్న మీతో ఒక్క మాటే చెప్పాలని ఉంది. మందులకు లొంగని బ్యాక్టీరియాను బ్యాక్టీరియా ఎంజైములతోనే ఎదుర్కోవచ్చు. కానీ ఆ ఆయుధం ఎంతకాలం పదునుగా ఉంటుందో మన వాడకమే తేలుస్తుంది.

బ్యాక్టీరియా కణం పెరగాలంటే తన చుట్టూ గోడలా ఉండే కవచాన్ని తానే అక్కడక్కడ తెంచుకోవాలి. ఇ.కొలై బ్యాక్టీరియాలో ఈ పని మూడు ఎంజైములు చేస్తాయని, మూడూ లేకపోతే కణం పెరగలేదని హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో మంజులా రెడ్డి బృందం 2012లో చూపింది. కణకవచంపై కృషికి ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది. ఇలాంటి కత్తెరను శత్రువు మీదికి తిప్పితే ఏమవుతుందో 1964లో వెలుగుచూసిన లైసోస్టాఫిన్ చెబుతుంది. స్టెఫైలోకాకస్ సిములాన్స్ అనే బ్యాక్టీరియా స్రవించే ఈ ఎంజైము స్టెఫైలోకాకస్ ఆరియస్ కవచంలోని ఐదు గ్లైసిన్ల వంతెనను తెంచుతుంది. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకాన్నీ చంపుతుంది. ఆ వంతెన లేని బ్యాక్టీరియా జోలికి పోదు.

ఇది ప్రోటీన్ కదా, మింగితే అరిగిపోతుంది, రక్తంలోకి ఎక్కిస్తే శరీరం ప్రతిరక్షకాలు తయారుచేయవచ్చు అంటారు. నిజమే. అందుకే గాయాలు, చర్మం, ముక్కులోపలి పొర వంటి చోట్ల దీని అవకాశాలు ఎక్కువ. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకు బయటి పొర అడ్డం, అక్కడ దారి ఇంకా కష్టం. దీనికీ నిరోధకత రాదా అంటే, వస్తుంది. అయితే లైసోస్టాఫిన్‌ను తట్టుకోవడానికి ఆ వంతెనను కురచ చేసుకున్న కొన్ని స్టెఫైలోకాకస్ రకాలు మళ్లీ మెథిసిలిన్‌కు లొంగిపోయాయి. రెండు మందులను కలిపి వాడటానికి ఇంతకంటే బలమైన కారణం ఏం కావాలి?

నా బెంగ మాత్రం వేరు: మందులను మనం వాడే, పారబోసే తీరు. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసి వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ఒక పరిశోధన తేల్చింది. 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బ్యాక్టీరియాయే నేరుగా కారణమని అంచనా. ఇంత తెలిసీ, జలుబు చేయగానే చీటీ లేకుండా అజిత్రోమైసిన్ కొనుక్కునేది మనమే! ఇంత చదివిన మీరూ అదే పని చేస్తే ఎలా నాయనా, ఎలా తల్లీ? ఎంజైము మందులు రేపు చేతికొచ్చినా ఏ క్రిమో తేల్చుకోకుండా వాడితే వాటికీ ఇదే గతి. మీలో ల్యాబుకు వెళ్లేవాళ్లు ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షను చవకగా, త్వరగా ఫలితమిచ్చేలా చేయండి. మందుల షాపులో కూర్చునేవాళ్లు చీటీ అడగండి. లేదంటే ఇవ్వనని చెప్పండి.